వెలుతురు గది

అంగారక గ్రహం మీద కుంకుమలోయ అనే ఊళ్ళో చీరల కొట్టు పెడితే ఎన్ని కష్టాలు రావచ్చో అన్నీ ముందే లెక్క వేసుకుని ఓడెక్కాడు మాజేటి కోదండం. గాలి కొనుక్కోవాలి, నీళ్ళు కొనుక్కోవాలి. ఎర్రదుమ్ము బీరువాలోకి కూడా దూరుతుంది. ఇవన్నీ నష్టం కింద వేశాడు. అక్కడ ఆకర్షణ తక్కువ గనక మడత విప్పిన చీర ధబాలున జారిపడదు, గాల్లో కాసేపు తేలి తీరిగ్గా దిగుతుంది. ఆ దిగడం చూసి ఆడవాళ్ళు ముచ్చటపడతారు. అది లాభం కింద వేశాడు. చీరాలలో ఉన్న కొట్టు అమ్మి, భార్య భ్రమరాంబను ఒప్పించి, తిరిగి వెళ్ళే టికెట్టు కొనకుండా వచ్చేశాడు. తిరుగు టికెట్టు జేబులో ఉన్నవాడు వ్యాపారం మనసుపెట్టి చెయ్యడని అతని నమ్మకం.

అన్నీ లెక్క వేసినవాడు ఒక్కటి మరిచిపోయాడు. కుంకుమలోయలో వెలుతురు లేదు.

పైన సూర్యుడు లేకపోలేదు. ఆ సూర్యుడితోపాటు వచ్చే రేడియేషన్ మనిషికి పడదు కాబట్టి ఊరంతా నేల కింద, ఎప్పుడో లావా పారి ఖాళీ అయిన సొరంగాల్లో కట్టారు. ఇళ్ళూ, బడులూ, కూరగాయల మళ్ళూ అన్నీ దీపాల కిందే. పగటి వెలుతురు కనిపించేది ఒక్కచోటే, తూర్పు గుమ్మం దగ్గర. బయటికి వెళ్ళేవాళ్ళ కోసం అక్కడ రెండు తలుపుల గది ఒకటి ఉంది. ఒక తలుపు మూస్తేగాని రెండోది తెరుచుకోదు. దాన్ని ఊళ్ళో గాలిగడప అంటారు. దాని పక్కనే మందపాటి అద్దం బిగించిన కిటికీ.

చీరల కొట్టుకి పగటి వెలుతురుతో పనేమిటంటే, దానికి చీర కొనడం ఎరిగినవాళ్ళే జవాబు చెప్పాలి. నూరు చీరలు విప్పించి, ఒకటి ఏరి, ఒళ్ళో పెట్టుకుని, ఇక డబ్బు తీస్తారు అనుకున్న క్షణంలో అంటారు, "ఒక్కసారి వెలుతురులో చూసుకొస్తాం" అని. చీరాలలో అయితే నాలుగు అడుగులు వేసి కొట్టు మెట్ల మీద నిలబడేవాళ్ళు. ఇక్కడ సొరంగం ఈ చివరి నుంచి ఆ చివరికి, తూర్పు గుమ్మం దాకా, చీర పట్టుకుని ఊరేగింపుగా బయలుదేరేవాళ్ళు.

పోనీ అక్కడ ఉన్నది మంచి వెలుతురా అంటే, పల్చటి పసుపునీళ్ళు. చిలకపచ్చ చీర ఆ కిటికీ దగ్గర ఎండిన గోంగూరలా ఉంటుంది. అదే అసలు రంగని నమ్మి, మొహం చిట్లించి తిరిగొచ్చి, బేరం మొదలుపెట్టేవాళ్ళు.

ఇలా జరుగుతూ ఉండగా ఒక పెళ్ళికూతురి నాయనమ్మ, కిటికీ దగ్గర వెలుతురు చాలడం లేదని గాలిగడపలోకే అడుగుపెట్టింది. తలుపు మూసుకుంది. కొంగు సందులో ఇరుక్కుంది. గాలి కారుతోందని మరలు గోల పెట్టాయి, సొరంగాల అడ్డుతలుపులన్నీ పడిపోయాయి, ఊరు ఊరంతా ముక్కులకి తొడుగులు తగిలించుకుంది. మంగలి కుర్చీలో సగం గడ్డం గీయించుకుని ఉన్న పెళ్ళికొడుకు కూడా నురగ మీదే తగిలించుకున్నాడు. చివరికి కొంగు కత్తిరించి నాయనమ్మను బయటికి లాగారు. ఆవిడ మొదటి మాట, "రంగు బానే ఉందే" అని.

ఊరి రక్షణాధికారి దేవరపల్లి గ్లోరీ ఆ కత్తిరించిన ముక్క పట్టుకుని కోదండం కొట్టుకి వచ్చింది.

"ఇది మీదే కదండీ శెట్టిగారూ?"

"నిన్నటిదాకా నాది. ఆవిడ కొనేసింది."

"వేళాకోళం వద్దు. పెళ్ళిళ్ళ కాలం మొదలయ్యే రోజున వస్తా. ఆ రోజు నా గాలిగడప దగ్గర ఒక్క చీర కనపడిందా, ఈ కొట్టు ఖాళీ చేయించి ఆక్సిజన్ సిలిండర్లు పెట్టిస్తా."

"చీర పట్టుకుపోయేది నేను కాదు కదమ్మా. కొనేవాళ్ళు."

"సిలిండర్లని ఎవరూ వెలుతురులో చూడరు," అంది గ్లోరీ. కొంగు ముక్క బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

కొట్టు పోతే కోదండానికి ఈ గ్రహం మీద వేరే పని లేదు. భూమికి వెనక్కి దారీ లేదు. వెంటనే రంగంలోకి దిగాడు. ఖరీదైన దీపాలు తెప్పించాడు. సూర్యకాంతికి అచ్చు నకలని వాటి మీద ముద్ర ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు తలెత్తి ఆ దీపాల వైపు చూసి, "కొట్టు లైటు కదా" అన్నారు. ఆ ముక్కతో వాటి ఖరీదు మునిగింది.

కొట్టులో ఒక మర ఉంది. చీరలు మడతపెట్టడానికి చేతులూ, లెక్క చెప్పడానికి నోరూ, కొట్లో మాటలు వినడానికి చెవులూ ఉన్నాయి దానికి. కోదండం దాన్ని గుమాస్తా అనే పిలుస్తాడు.

"ఒరే గుమాస్తా, దీపం నాదైతే నమ్మరు. మరి ఎవరిదైతే నమ్ముతారు?"

"కన్ను వాళ్ళది శెట్టిగారూ."

కోదండం కాసేపు ఆలోచించాడు. దీపం మార్చి లాభం లేనప్పుడు కన్ను మార్చాలి. మర యథాలాపంగా అన్న మాటే గాని, పెట్టుబడి పెట్టదగ్గ మాట.

ఊరి ప్రయోగశాలలో డాక్టర్ ఈడ్పుగంటి సుహాసిని కళ్ళ మీదే పని చేస్తుంది. సొరంగాలు తవ్వేవాళ్ళకి మసకలో చూపు ఆనేలా చుక్కల మందు చేసిపెట్టింది ఆవిడే. కోదండం సంగతంతా విని అడిగింది.

"కన్ను గురించి మీకేం తెలుసండీ?"

"రెండుంటాయి."

"లోపల రెటీనా అని పల్చటి పొర. అందులో వెలుతురు పట్టుకునే కణాలు. మసకలో పనికొచ్చేవి దండకణాలు, రంగులు చూసేవి శంకుకణాలు. వెలుతురు పడగానే ఇవి కబురు పంపుతాయని అందరూ అనుకుంటారు. అసలు వ్యవహారం తిరగేసి ఉంది. చీకట్లో ఉన్నంతసేపూ గ్లుటమేట్ అనే రసాయనాన్ని ఆగకుండా కారుస్తూనే ఉంటాయి. వెలుతురు పడితే తగ్గిస్తాయి."

"అంటే చీకట్లో వాగుతుంది, వెలుతురు పడితే నోరు మూస్తుంది."

"అంతే."

కోదండానికి ఆ కణం ఎరిగిన మనిషిలా అనిపించింది. బేరం తెగనంతసేపూ వాగి, తెగగానే గమ్మున కూర్చునే దళారుల్ని అతను చాలామందిని చూశాడు.

"కారిన గ్లుటమేట్‌ని అందుకోడానికి పక్క వరసలో ద్విధ్రువ కణాలుంటాయి," అంది సుహాసిని. "అందుకునే చెయ్యిని గ్రాహకం అంటాం, రిసెప్టర్. ఇందులో రెండు రకాలు. ఒక రకం గ్రాహకానికి గ్లుటమేట్ తగిలితే కణం లేచి, చీకటి చీకటి అంటుంది. రెండో రకం తిరకాసుది. గ్లుటమేట్ తగిలినంతసేపూ కణాన్ని పడుకోబెడుతుంది. అది తగ్గిందా, కణం లేచి కూర్చుని, వెలుతురొచ్చింది అంటుంది."

"సరుకు ఒకటే. ధర పెరిగితే ఒకడికి లాభం, పడితే ఇంకొకడికి లాభం."

"ఇద్దరి మాటా విని రంగేదో మెదడు తేల్చుకుంటుంది. ఆ గ్రాహకాలకి అతుక్కునే అణువొకటి చేశాను నేను. ఎర్రని శంకుకణం పక్కన ఎంత బిగించాలి, నీలం దాని పక్కన ఎంత వదలాలి, అన్నీ దాంతో అమర్చుకోవచ్చు. అప్పుడు ఈ లైటు కింద చూసినా, చీరాలలో పొద్దున పది గంటల ఎండలో చూసినట్టే మెదడుకి లెక్క వెళ్తుంది. చూపుతూకం అని పేరు పెట్టాను."

"తక్కెడ ఒక పక్కకి ఒరిగితే పాసంగం కట్టి సరిచేసినట్టు."

సుహాసిని అతని వంక కొత్తగా చూసింది. "మా వాళ్ళకి ఇది చెప్పడానికి నాకు రెండు పూటలు పట్టిందండీ."

"వాళ్ళకి తక్కెడ తెలీదుగా."

ఆవిడ అతని కళ్ళలో చెరొక చుక్క వేసింది. కోదండం కొట్టుకి వెళ్ళి బీరువా తెరిచాడు, తెరిచి అలాగే నిలబడ్డాడు. ఈ గ్రహానికి వచ్చాక తన సరుకు తాను చూడడం అదే మొదటిసారి. నెమలికంఠం నెమలికంఠంలా మెరుస్తోంది. చిలకపచ్చ రెక్క విప్పేలా ఉంది. ఇన్నాళ్ళూ గంధం రంగని అమ్మినవన్నీ మీగడ రంగువి. గుండె కాస్త కలుక్కుమంది గాని, కొన్నవాళ్ళూ గంధమనే కట్టుకుంటున్నారు కాబట్టి ఆ ఖాతా ముగిసిపోయింది. తన తెల్లచొక్కా వైపు చూసుకున్నాడు. అది గులాబీ రంగులో ఉంది.

"దుమ్ము వదలడం లేదని ఎన్నిసార్లు చెప్పానండీ," అంది భ్రమరాంబ.

పెళ్ళిళ్ళ కాలం మొదలయ్యేదాకా వాడి చూసుకోమనీ, ఆ తర్వాత ధర మాట్లాడుకుందామనీ సుహాసిని ఒక పెట్టె సీసాలు ఇచ్చింది. కోదండం వాటిని కొట్టు గుమ్మంలో పన్నీరుబుడ్డి పక్కన పెట్టాడు.

మొదట వచ్చింది కనకవల్లి. కూతురి పెళ్ళి. వెంట కూతురూ, వదినగారూ ఉన్నారు. ముగ్గురి కళ్ళలోనూ చుక్కలు పడ్డాయి. గుమాస్తా ఒక చీర విప్పి గాల్లోకి వదిలింది. అది తీరిగ్గా దిగుతూ ఉంటే కనకవల్లి గొంతు మారిపోయింది.

"మా అమ్మ చీర రంగండీ ఇది. అచ్చం ఇదే. పోయాక మళ్ళీ ఇప్పుడే చూడడం."

కోదండం మనసులో బేరం ముగించేశాడు. కనకవల్లి చీర చేతిలోకి తీసుకుంది, అంచు తడిమింది, వదిన వైపు చూసింది. వదిన కూతురి వైపు చూసింది.

"ఒక్కసారి వెలుతురులో చూసుకొస్తాం శెట్టిగారూ."

"అమ్మా, వెలుతురు మీ కళ్ళలోనే ఉంది."

"ఉందనుకోండి."

"చీరాల ఎండమ్మా అది. పొద్దున పది గంటలది."

"పదింటికి ఎవరు కట్టుకుంటారు? ముహూర్తం సాయంత్రం."

కోదండం పరుగున వెళ్ళి సాయంత్రం ఎండకి అమర్చిన సీసా తెచ్చాడు. మళ్ళీ చుక్కలు వేశాడు. ముగ్గురూ చూశారు, తలలూపారు, నిజమే అన్నారు.

"కానీ చుక్కలు మీ కొట్టువే కదా," అంది వదినగారు మెత్తగా. చీర పట్టుకుని తూర్పు గుమ్మం దారి పట్టారు.

కొట్టు చుక్కలని నమ్మకపోతే ప్రయోగశాల చుక్కలని నమ్ముతారని, ఆ తర్వాత వచ్చినవాళ్ళని సుహాసిని దగ్గరే వేయించుకుని రమ్మని పంపాడు. వేయించుకుని వచ్చారు. చూసి మురిసిపోయారు. చీర పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళారు. వెళ్ళి ఆ గోంగూర వెలుతురులో నిలబడి, తిరిగొచ్చి, కొందరు కొన్నారు, కొందరు మానేశారు.

"ఒక సంగతి శెట్టిగారూ," అంది గుమాస్తా. "బయటికి వెళ్ళొచ్చిన వాళ్ళే ఎక్కువ కొంటున్నారు. మీరు బతిమాలి ఆపేసినవాళ్ళు మళ్ళీ వస్తామని చెప్పి రావడం లేదు."

"అక్కడికి పోయి ఏం చూస్తున్నారో కనుక్కోలేవా?"

"నా చెవులు కొట్టు దాకే."

లోపం చుక్కల్లోనే ఉండి ఉంటుందని కోదండం తేల్చుకున్నాడు. ఎండ ఇంకాస్త చిక్కగా ఉండాలేమో. ఇంతలో సుహాసిని నుంచి కబురు. చుక్కల హక్కు తమకి ఇమ్మని నగల కొట్టువాళ్ళు అడుగుతున్నారట. మర్నాడే పెళ్ళిళ్ళ కాలం మొదలు, గ్లోరీ వచ్చే రోజు. కోదండం భ్రమరాంబని వెంటబెట్టుకుని ప్రయోగశాలకి వెళ్ళాడు.

సుహాసిని సీసా బల్ల మీద పెట్టింది, ధర చెప్పింది.

కోదండం ఆ ధర విన్నాడు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. అది అతను పుట్టాక మొదట నేర్చుకున్న విద్య. సీసా చేతిలోకి తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పాడు, భ్రమరాంబ వైపు చూశాడు. భ్రమరాంబ సీసా వైపు చూసింది.

"ఒక్కసారి వెలుతురులో చూసుకొస్తాం డాక్టరమ్మా," అన్నాడు.

ఇద్దరూ వసారాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. సుహాసిని తలుపు అద్దంలోంచి చూస్తుందేమోనని కోదండం సీసాని దీపానికి ఎదురుగా పైకెత్తి పట్టుకున్నాడు.

"విన్నావా ఎంత చెప్పిందో?" అన్నాడు పెదవి కదలకుండా.

"సగానికి అడగండి."

"సగానికి అడిగితే లేచిపోతుంది. అవతల నగలవాళ్ళున్నారు."

"అసలు నగలవాళ్ళు అడిగారంటారా? మనకి చెప్పడానికే అన్నదేమో."

"ఆవిడ అలాంటిది కాదులే."

"చదువుకున్నవాళ్ళని అంత తేలిగ్గా నమ్మకండి. సీసా కాస్త పైకెత్తండి, ఇటే చూస్తోంది."

కోదండం సీసా ఇంకొంచెం పైకెత్తాడు. తలుపు తీసుకుని సుహాసిని బయటికి వచ్చింది.

"ఏం చూస్తున్నారండీ అందులో? నీళ్ళలా ఉంటుందది. లోపల ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉంటుంది. లైటు కూడా ఒకటే."

కోదండం చెయ్యి అలాగే పైన ఉండిపోయింది. కాసేపటికి నెమ్మదిగా దింపాడు. తాతల నాటి నుంచి వాళ్ళింట్లో అందరూ చీరలమ్మినవాళ్ళే. ఆ మాట ఎన్ని వేలసార్లు విని ఉంటారో. విన్న ప్రతిసారీ వెలుతురు గురించే అడుగుతున్నారని అనుకున్నారు. తనేమో దీపాలు మార్చాడు, ఎండ మార్చాడు, చివరికి మనుషుల కళ్ళు కూడా మార్చాడు. కొనేవాళ్ళు అడిగింది ఒక్కటే, కొట్టువాడి చెవికి అందనంత దూరం.

"నువ్వెప్పుడూ చెప్పలేదేమే," అన్నాడు భార్యతో.

"నేనెప్పుడైనా బయట చీర కొన్నానా? కొట్టులో మిగిలినవే కడుతున్నాను," అంది భ్రమరాంబ.

కోదండం సీసా సుహాసిని చేతిలో పెట్టాడు. "డాక్టరమ్మా, హక్కు నగలవాళ్ళకే ఇచ్చెయ్యండి. మంచి ధర లాగండి. నాకు మాత్రం నా కళ్ళ మటుకు ఒక సీసా చాలు. సరుకు కొనేటప్పుడు పనికొస్తుంది."

"నా చుక్కలు పని చెయ్యలేదా?" అంది సుహాసిని. ఆవిడ మొహం చిన్నబోయింది.

"చేశాయమ్మా. కొనేవాళ్ళందరికీ రంగు దివ్యంగా కనపడింది. వాళ్ళకి కావలసింది కనపడడం కాదు, వినపడకపోవడం."

సుహాసినికి ఏమీ అర్థం కాలేదు. రంగు చూడడానికి కాకపోతే చీర పట్టుకుని అంత దూరం ఎవరైనా ఎందుకు వెళ్తారని అడిగింది. మనుషులు అంత తిరకాసుగా ఉంటారంటే నమ్మనంది.

ఆ సాయంత్రమే కొట్టు వెనక సరుకు గది ఖాళీ అయింది. గోడలకి పాత పరుపులు కొట్టించాడు. ఒక చిన్న దీపం వేలాడదీశాడు. గుమాస్తాని పిలిచి, ఆ గది వైపు చెవులు మూసుకోమన్నాడు. అలా మూసుకున్నట్టు ఒక ఎర్రబొట్టు వెలిగేలా తలుపు మీద ఏర్పాటు చేశాడు. పైన పలక తగిలించాడు: వెలుతురు గది.

మర్నాడు గ్లోరీ తెల్లారేసరికి తూర్పు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకు కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఒక్క చీరా రాలేదు. కొట్టు మూతపడిందేమోనని చూడడానికి వచ్చింది. లోపల కాలు పెట్టే చోటు లేదు. వెలుతురు గది ముందు వరస కట్టి ఉన్నారు. లోపలికి వెళ్ళిన జట్టు వెళ్ళినట్టు తలుపు వేసుకోవడం, కాసేపటికి గంభీరంగా బయటికి రావడం.

"కొట్టు ఉంచుకోండి," అంది గ్లోరీ. తరవాత అక్కడే వేలాడుతున్న మామిడిపిందె రంగు చీర కొసని పట్టుకుంది. "ఇదెంతండీ?"

జనం పల్చబడ్డాక సుహాసిని వచ్చింది. వెంట ఆవిడ అక్క ఉంది. తన చుక్కలు తనే వేసుకుని వచ్చింది. సరుకంతా విప్పించి నెమలికంఠం చీర ఒకటి ఏరింది.

"చిలకపచ్చ అంచు. రంగు తేడా రావడం లేదు ఎక్కడా," అంది కొట్టు దీపం కిందే నిలబడి. "ఈ కళ్ళకి వేరే వెలుతురుతో పని లేదు శెట్టిగారూ. ఎంతండీ?"

కోదండం చెప్పాడు.

సుహాసిని చీర మడిచింది, విప్పింది. అక్క వైపు చూసింది. అక్క చీర వైపు చూసింది.

"ఒక్కసారి వెలుతురులో చూసుకొస్తాం," అంది సుహాసిని. ఇద్దరూ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఎర్రబొట్టు వెలిగింది.

గుమాస్తా గొంతు తగ్గించి అంది. "శెట్టిగారూ, ఆ గదిలో దీపం పొద్దున్నే మాడిపోయింది. రద్దీలో చెప్పడానికి వీలు పడలేదు. ఇప్పటిదాకా వచ్చినవాళ్ళెవరూ లోపల చీకటిగా ఉందని చెప్పలేదు. మార్చమంటారా?"

కోదండం మూసిన తలుపు వైపు చూశాడు. కంట్లో కణం చీకట్లో ఉన్నంతసేపూ ఆగకుండా వాగుతూనే ఉంటుందని ఆవిడే చెప్పింది.

"వద్దులే, వాగనీ," అన్నాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సుహాసిని చీకట్లోంచి వచ్చి కళ్ళు చికిలించింది. చీర బల్ల మీద పరిచి, అంచు మీద వేలు పెట్టి, శాస్త్రం చెప్పే గొంతుతో అంది.

"వెలుతురులో చూశాం శెట్టిగారూ. అంచు పచ్చ కొంచెం తేలిపోతోంది. చూసి తగ్గించండి."

"మీ కంటికి కనపడ్డాక ఇక తిరుగేముందమ్మా," అని కోదండం కొంచెం తగ్గించాడు.